బావమరిది సర్దిన కేబుల్

సిగ్నల్ ఏ దిక్కునుంచి వస్తోందో కనిపెడదామని రెండు యాంటెన్నాలకి చెరో ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌తో నడిచే రేడియో) తగిలించాను. రెండూ ఒకే తాళంలో నడిచేలా ఒకే 10 మెగాహెర్ట్జ్ క్లాకు, సెకనుకో పల్సు ఇచ్చి, ఒకే సిగ్నల్‌ని రెండిటికీ పంచే స్ప్లిట్టర్ పెట్టి, వాటి మధ్య ఫేజు తేడా, అంటే ఒక అల కంటే ఇంకోటి ఎంత ముందో వెనకో, సున్నాకి తెచ్చి, హమ్మయ్య అనుకుంటూ భోజనానికి లేచాను. ఆ గ్యాప్‌లో మా బావమరిది టేబుల్ సర్దేశాడు. చుట్టలు చుట్టిన వైరు కనిపిస్తే వాడికి ప్రాణం ఒప్పదు. ఒక యాంటెన్నా రేడియోకి దగ్గర్లోనే ఉంది కాబట్టి రెండు మీటర్ల కేబుల్ దండగని పీకేసి, మీటరుది తగిలించి, నాకు మాత్రం చెప్పలేదు.

433 మెగాహెర్ట్జ్ గేటు రిమోట్‌ని ఎదురుగా కిటికీ దగ్గర నొక్కించాను. స్క్రీన్ మీద దిక్కు చూపించే గీత కిటికీని వదిలేసి, ఇరవై డిగ్రీలు పక్కకెళ్ళి బీరువాని చూపించింది. రేడియోల మీద క్లాకు కుదిరిందని చెప్పే లాక్ లైట్లు మాత్రం పచ్చగా, ఏ పాపం ఎరగనట్టు వెలుగుతున్నాయి. ఇనప బీరువాకి తగిలి సిగ్నల్ తిరిగొస్తోందేమోనని దాన్ని ఇద్దరం ఈడ్చుకుంటూ పక్క గదిలోకి చేర్చాం. గీత అదే చోట, ఇప్పుడు ఖాళీ గోడని చూపిస్తోంది. మళ్ళీ స్ప్లిట్టర్ పెట్టి చూస్తే సున్నాయే వచ్చింది, రాక ఏం చేస్తుంది, స్ప్లిట్టర్ తగిలించేది రేడియో మూతి దగ్గర, దాని అవతల యాంటెన్నా కేబుల్‌లో ఏం జరుగుతోందో దానికేం తెలుసు!

అప్పుడు కనపడింది ఆ పొట్టి కేబుల్.

"కాంతి సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది, ఒక్క మీటరుకి ఇంత రాద్ధాంతమా బావా" అన్నాడు. యాంటెన్నాకి వాడే మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో సిగ్నల్ ఆ వేగంలో మూడింట రెండు వంతులే పోతుంది, అంటే మీటరుకి 5 నానోసెకన్లు. 433లో ఒక అల పూర్తవడానికి పట్టేది 2.3 నానోసెకన్లే. రెండు అలలు పోయి, పైన ఆరో వంతు మిగులుతుంది, అదే 60 డిగ్రీల ఫేజు తేడా. అర తరంగదైర్ఘ్యం, అంటే సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన యాంటెన్నాలకి దిశ తెలిసేదే ఫేజు తేడాతో కాబట్టి, ఆ 60 చాలు బీరువా దాకా తీసుకెళ్ళడానికి.

వాడికి రోషం వచ్చింది. టేపు పట్టి, అవతలి కేబుల్‌తో మిల్లీమీటరు తేడా లేకుండా ఇంకోటి తెచ్చాడు, పైగా మందంగా ఉంటే మంచిదని, లోపలి తీగ చుట్టూ నురగ ప్లాస్టిక్ ఉండే ఫోమ్ రకం. గీత ఈసారి కిటికీకి అటు పక్కకి దూకింది. ఫోమ్‌లో సిగ్నల్ వేగం ఎక్కువ, రెండు మీటర్ల మీద దాదాపు రెండు నానోసెకన్లు ముందే వచ్చేస్తుంది. టేపుకి పొడుగే తెలుసు గానీ ఆలస్యం తెలియదు కదా.

చివరికి ఒకే చుట్టలోంచి రెండూ కోసి, ఒకే రకం కనెక్టర్లు బిగించాం. మిగిలిన పొడుగుని మళ్ళీ చుట్ట చుడుతుంటే "లోపల సిగ్నల్‌కి తల తిరగదా" అని అడిగాడు. తిరగదు, మరీ మెలిపెట్టి వంచనంత వరకు.

ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌లో కూడా చూద్దామంటున్నాడు. అక్కడ ఒక్క సెంటీమీటరు తేడాకే 40 డిగ్రీలు దాటిపోతుందన్నాను. కటింగ్ ప్లయర్ నేనే పట్టుకుంటానంటున్నాడు, బీరువా ఇంకా పక్క గదిలోనే ఉంది.