డ్యూక్ గారు పొసెషన్ తీసుకోవడానికే కదా వచ్చింది

1469లో ఇంగ్లండ్‌లో నార్ఫోక్ డ్యూక్ జాన్ మోబ్రే గారు కైస్టర్ కోట మీద యుద్ధం చేశారని అందరూ ఆడిపోసుకుంటారు గానీ నాకైతే ఆయన తప్పేం కనపడట్లేదు. 500 మార్కులు (పరీక్షవి కాదు, అప్పటి ఇంగ్లండ్ డబ్బు లెక్క) పోసి కోట కొనుక్కున్నారు, లోపలున్నోళ్లు తలుపు తియ్యట్లేదు, పాపం ఏం చేస్తారు, ఫిరంగులూ ఓ మూడు వేల మందినీ వెంటేసుకుని వెళ్లారు.

అసలు గొడవంతా ఫ్రాన్స్ యుద్ధాల్లో బాగా వెనకేసి ఇటుకలతో ఆ కోట కట్టించిన సర్ జాన్ ఫాస్టాల్ఫ్‌ది. పిల్లల్లేరు. 1459 నవంబర్లో పోయే రెండ్రోజుల ముందు, మంచం మీదుండి నోటిమాటగా, నాలుగు వేల మార్కులు కట్టి ఏడుగురు సన్యాసులతో కోటలో మఠం పెడితే ఆస్తి జాన్ పాస్టన్‌కే అన్నాడట. ఈ పాస్టన్ ఎవరయ్యా అంటే ఆయన లాయరే! వీలునామా అమలు చెయ్యాల్సిన మిగతా ఎగ్జిక్యూటర్లకి ఒళ్లు మండదా మరి. వాళ్లలో యెల్వర్టన్ అనే జడ్జి గారు 1468లో, గొడవ తేలకుండానే, కోటని డ్యూక్‌కి అమ్మేశారు. లిటిగేషన్‌లో ఉన్నదాన్ని ఎలా అమ్ముతారని అడక్కండి, జడ్జి గారికి మనకన్నా లా ఎక్కువ తెలుసు.

అప్పటికి లాయర్ పాస్టన్ జైళ్ల చుట్టూ తిరిగి తిరిగి 1466లోనే పోయాడు. పెద్ద కొడుకులిద్దరి పేర్లూ జానే (ఈ కేసులో జాన్ కానివాడు దొరకడం కష్టం). పెద్ద జాన్ లండన్లో, చిన్న జాన్ ముప్పై మందితో కోటలో, వీడు ఇంతకుముందు డ్యూక్ గారి కొలువులోనే పనిచేశాడు లెండి. సెప్టెంబర్ 12న తల్లి మార్గరెట్ పెద్దోడికి ఉత్తరం రాసింది, తిండి లేదు, మందుగుండు అయిపోయింది, బాణాల్లేవు, కోటలో ఉన్న మనవాళ్లు డాబ్నీ, బెర్నీ చచ్చిపోయారు, నీ తమ్ముడి ప్రాణం మీదకొచ్చింది అని. పెద్దోడి జవాబు: అమ్మా, మొన్న శనివారానికి వాళ్లిద్దరూ హాయిగా ఉన్నారు. చివరికి డాబ్నీ ఆ ముట్టడిలోనే పోయాడు, వాడి పేరు కూడా జానే.

రాజుకి మొరపెట్టుకుందామా అంటే నాలుగో ఎడ్వర్డ్ గారే అప్పుడు తన మీద తిరగబడ్డ వార్విక్ ఎర్ల్ అనే ప్రభువు చేతిలో బందీ. ఇంకేం చేస్తారు, సెప్టెంబర్ నెలాఖరుకి చేతులెత్తేశారు. డ్యూక్ గారు పెద్దమనసు చేసుకుని ప్రాణాలు, సామాన్లు, గుర్రాలు పట్టుకుపొమ్మన్నారు, ఫిరంగులూ విల్లులూ మాత్రం వదిలెళ్లాలి.

1476 జనవరిలో డ్యూక్ గారు హఠాత్తుగా పోయారు, కోట ఆ ఏడాదే మళ్లీ పాస్టన్లకి. ఫాస్టాల్ఫ్ అడిగిన ఏడుగురు సన్యాసులు మాత్రం కైస్టర్‌కి రానేలేదు, ఆ డబ్బు ఆక్స్‌ఫర్డ్‌లో మాడలిన్ కాలేజీకి పోయింది.