సంతకం లేని నిషేధం

విశ్వవిద్యాలయాల వైఫైలో వెబ్‌సైట్లు చడీచప్పుడు లేకుండా మూతపడుతున్నాయి. ఎవరు మూశారంటే జవాబు లేదు. ఉత్తర్వు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ సంతకం లేకపోవడమే.

ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ గుమ్మంలో వచ్చేపోయేవాటిని వడకట్టే పెట్టె) అమ్మే కంపెనీలు సైట్లను జూదం, అశ్లీలం, ఆయుధాలు, రాజకీయాలు అంటూ గంపలుగా విడగొట్టి ఇస్తాయి. కంప్యూటర్ సెంటర్‌లో ఒకరు ఓ గడిలో టిక్కు పెడితే చాలు, ఆ గంపంతా మాయం. అందులో ఏమేం పడ్డాయో టిక్కు పెట్టినవారికీ పూర్తిగా తెలియదు. పదాలను బట్టి వడకడితే రొమ్ము క్యాన్సర్ పేజీ అశ్లీలమైపోతుంది. ఐపీ చిరునామాను మూస్తే అదే సర్వర్‌లో ఉన్న ఇరుగుపొరుగు సైట్లూ పోతాయి. ఇంకొన్ని చోట్ల విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో సంస్థ రూట్ సర్టిఫికెట్, అంటే ఫైర్‌వాల్‌నే అసలు సైటుగా నమ్మమని బ్రౌజర్‌కు చెప్పే ఫైలు, వేయిస్తారు. అది ఎక్కాక, మినహాయింపులు పెట్టకపోతే, మెయిలూ బ్యాంకు పాస్‌వర్డూ కూడా ఆ ఫైర్‌వాల్ పెట్టె ముందు తెరిచిన ఉత్తరాలే.

బ్యాండ్‌విడ్త్ చాలదని, వైరస్‌లు వస్తాయని, చట్టం ఒప్పుకోదని అధికారులంటారు. సరే. మనిషికింతని వేగ పరిమితి పెట్టండి. వైరస్ సైట్ల జాబితా వేరుగా ఉంచండి. కోర్టు ఆదేశముంటే దాని నంబరు తెర మీద వేయండి. అందుకోసమే 2016లో 451 అనే ఎర్రర్ కోడ్ వచ్చింది. ఎవరి ఆదేశంతో ఆపారో అందులో చెప్పవచ్చు. మన తెర మీద మాత్రం ‘కనెక్షన్ టైమ్ అవుట్’ అని పడుతుంది. నెట్ నెమ్మదిగా ఉందనుకుని విద్యార్థి లేచిపోతాడు. నిషేధం జరిగిందనే సంగతే నిషిద్ధం!

1989లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక జోకుల న్యూస్‌గ్రూప్‌ను (నెట్‌లో అందరూ రాసి చదువుకునే చర్చావేదికను) ఆపింది. జాన్ మెకార్తీ వంటి కంప్యూటర్ శాస్త్రవేత్త ముందుండి పోరాడాక వెనక్కి తగ్గింది. అక్కడ ఆపినట్టు కనీసం తెలిసింది కాబట్టే పోరాడగలిగారు. ఇవాళ జూదం గడిలో టిక్కును ప్రశ్నించకపోతే రేపు రాజకీయాల గడిలో పడే టిక్కును ఎవరు కనిపెడతారు? ఫీజుల పెంపు మీద విద్యార్థి సంఘం పెట్టిన పేజీ మూతపడితే ఏ కాగితం చూపించి నిలదీస్తారు? సంతకమే లేనప్పుడు అప్పీలు ఎవరికి చేసుకోవాలి?

ఆపిన సైట్ల జాబితా, కారణం, గడువు, బాధ్యుడి హోదా బయటపెట్టాలి. లైబ్రరీ నుంచి ఒక్క పుస్తకం తీసేయాలన్నా కమిటీ వేసి మినిట్స్ రాసుకునే పెద్దలు, వేల సైట్ల విషయంలో మౌస్ నొక్కి చేతులు దులుపుకుంటున్నారు. టిక్కు పెట్టమన్నది తామేనని రాసిచ్చే ధైర్యం వైస్ ఛాన్సలర్లకు లేకపోతే, ఆ టిక్కును ఈ రాత్రికే తీయించాలి.