40 బ్రేకర్ తీసి 50 పెట్టకండి

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు ఆరోసారి వచ్చింది. "అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువారికి హెచ్చరిక" అని మొదలవుతుంది. మీ ఎలక్ట్రిక్ స్టవ్ 12 కిలోవాట్లదైతే 240 వోల్టులతో భాగించండి, 50 ఆంప్స్ వస్తుంది, ప్యానెల్‌లో (ఇంటి కరెంటు పెట్టెలో) 40 ఆంప్స్ బ్రేకర్ (కరెంటు హద్దు దాటితే ఆపేసే స్విచ్) ఉంటే బిల్డర్ మిమ్మల్ని మోసం చేసినట్టే, వెంటనే 50 పెట్టుకోండి అంటుంది. ఐదుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను. ఆరోసారి పంపింది షార్లెట్‌లో ఉండే మా బావమరిది. పంపి ఊరుకోలేదు, ఫోన్ చేశాడు. "బావా, బ్రేకర్ కొనుక్కొచ్చేశాను, శనివారం మార్చేస్తా" అన్నాడు. ఇళ్ల వైరింగే నా పని కాబట్టి ఇక మాట్లాడక తప్పలేదు.

భాగహారం సరైనదే. కానీ ఇంటి స్టవ్‌కి కోడ్, అంటే అమెరికాలో వైరింగ్ నియమాల పుస్తకం, అలా లెక్కగట్టదు. నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 2023 ఎడిషన్‌లో 220.55 అనే టేబుల్ ఉంది. 12 కిలోవాట్ల వరకు ఉన్న స్టవ్ ఒక్కటి ఉంటే 8 కిలోవాట్ల లోడ్ కింద లెక్కవేయవచ్చంటుంది. అంటే 33 ఆంప్స్ చిల్లర. 12 దాటితే అదనంగా ఉన్న ఒక్కో కిలోవాట్‌కి 5 శాతం చొప్పున పెంచాలి. ఆ లెక్కన 16 కిలోవాట్ల స్టవ్‌కి 9.6 కిలోవాట్లు, సరిగ్గా 40 ఆంప్స్. ఇక 8.75 కిలోవాట్లు, అంతకు మించిన స్టవ్‌లకి సర్క్యూట్ కనీసం 40 ఆంప్స్‌ది ఉండాలని అదే కోడ్‌లో 210.19 సెక్షన్ చెబుతుంది. పుస్తకంలో ఉన్న కనీసాన్ని పాటించిన బిల్డర్‌ని మోసగాడనడం అన్యాయం.

ఈ తగ్గింపు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. స్టవ్ నాబ్ మీడియంలో పెడితే కాయిల్ ఆగకుండా వెలగదు, క్లిక్కుమని ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది. ఓవెన్ కూడా వేడెక్కాక అంతే. మొన్న సంక్రాంతికి మా ఇంట్లో నాలుగు పొయ్యిలూ, ఓవెనూ ఒకేసారి నడుస్తుంటే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి ఆంప్స్ కొలిచే మీటర్) పెట్టి చూశాను. మొదట్లో 38 దాకా వెళ్లింది. పది నిమిషాలు తిరిగేసరికి బొబ్బట్ల పెనం, పాయసం, సాంబారు, అన్నం అన్నీ పొయ్యి మీదే ఉన్నా ముల్లు 15కీ 27కీ మధ్యే తిరిగింది.

40 ఆంప్స్ సర్క్యూట్‌కి 50 ఆంప్స్ అవుట్‌లెట్ పెట్టడం నేరమని కూడా ఆ మెసేజ్ అంటోంది. కాదు. కోడ్ అనుమతిస్తుంది. అంతే.

అసలు భయం బ్రేకర్ దగ్గరే. 8 గేజ్ (గేజ్ అంటే వైరు మందం, అంకె తగ్గేకొద్దీ వైరు లావు) రాగి వైరు 50 ఆంప్స్ తట్టుకుంటుందని కోడ్‌లోని వైర్ల టేబుల్‌లోనే ఉందని ఆ మెసేజ్ ధైర్యం చెబుతోంది. ఉంది, 75 డిగ్రీల కాలమ్‌లో (వైరు ఎంత వేడి దాకా వెళ్లవచ్చో దాన్ని బట్టి కాలమ్‌లు ఉంటాయి). మీ ఇంటి గోడల్లో ఉన్నది చాలావరకు ఎన్ఎం-బి అనే ప్లాస్టిక్ తొడుగు కేబుల్. దానికి 60 డిగ్రీల కాలమే వాడాలని 334.80 సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఆ కాలమ్‌లో 8 గేజ్‌కి ఉన్నది 40. పక్క కాలమ్ చదివిన పాపానికి వేల ఇళ్లకి ఈ సలహా వెళ్తోంది.

బ్రేకర్ ఉన్నది స్టవ్ కోసం కాదు, వైరు కోసం. 40 పోయేచోట 50 పోతే వైరులో పుట్టే వేడి పావు వంతు పెరగదు, సగానికి పైగా పెరుగుతుంది. ఆ వైరు మీ కంటికి కనబడదు. ఇన్సులేషన్ దూదిలో, చెక్కల మధ్య ఉంటుంది. ఓసారి ఒక ఇంట్లో ప్యానెల్ మూత తీశాను. ఎవరో ఇలాగే 50 పెట్టారు. స్క్రూ దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకి తిరిగింది, వేలితో ముడితే పెళుసుగా పొడి రాలింది. ఆ ఇంటావిడ "ఈమధ్య బ్రేకర్ ఒక్కసారీ పడలేదండీ, హాయిగా ఉంది" అంది. పడాల్సినప్పుడు పడకపోవడం హాయా? కాపలావాడి నోరు కట్టేసి దొంగలు రావడం లేదనుకుంటే ఎలా?

"నల్ల కేబుల్ కనిపిస్తే అది 50కి సరిపోతుంది" అని ఇంకో మాట రాశారు. ఎన్ఎం-బిలో 8 గేజూ నలుపే, 6 గేజూ నలుపే! రంగు చూసి తేల్చలేరు. పైతొడుగు మీద అచ్చువేసిన అక్షరాలు చదవాలి. 8-3 (8 గేజ్, గ్రౌండ్ కాక మూడు వైర్లు) అని ఉంటే 40, 6-3 అని ఉంటే 50 పెట్టుకోవచ్చు.

పాత ఇళ్లలో మూడు రంధ్రాల అవుట్‌లెట్ తీసి నాలుగు రంధ్రాలది పెట్టి, లోపల గ్రౌండ్ (రక్షణ కోసం భూమికి కలిపే వైరు), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కలిపేయమన్నారు. ఇది మాత్రం దయచేసి ఎవరికీ పంపకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే స్టవ్ ఒంటికి 120 వోల్టులు వస్తాయి. 1996 ఎడిషన్ నుంచి కొత్త సర్క్యూట్‌కి నాలుగు వైర్లు తప్పనిసరి. నియమం ప్రకారం వేసిన పాత మూడు వైర్ల సర్క్యూట్‌ని అలాగే ఉంచి, స్టవ్‌కి మూడు వైర్ల పవర్ కార్డ్ బిగించుకోవచ్చు.

ఆ మెసేజ్ రాసినవాళ్లది ఒక మాట మాత్రం నిజం, చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా పొరబడే చోట. కుక్‌టాప్ వేరుగా, గోడ ఓవెన్ వేరుగా ఉండి, ఒక్కోదానికి ఒక్కో సర్క్యూట్ ఉంటే ఈ తగ్గింపు వర్తించదు. లేబుల్ మీద ఎంతుంటే అంతా లెక్కే. తయారీదారు మాన్యువల్‌లో 50 అని రాసి ఉంటే కూడా 50 ఇవ్వాల్సిందే, కానీ 6 గేజ్ వైరుతో. కొత్తగా కిచెన్ కట్టించుకుంటుంటే నేనైనా 6 గేజే వేయిస్తాను.

మా బావమరిదిని మెయిన్ ఆపాక కూడా ప్యానెల్ మూత తియ్యొద్దన్నాను. స్టవ్ ముందుకు లాగి, స్టవ్ బ్రేకర్ ఆపి, గోడ పెట్టె దగ్గర కేబుల్ ఫొటో పంపమన్నాను. 8-3 అని ఉంది. శనివారం పొద్దున్నే బ్రేకర్ వాపసు ఇచ్చేసి వచ్చాడు.