అనుమానపు బేరగాళ్లతో వేగేదెలా?

ఆన్‌లైన్ వేలంలో పాత కారు ఇంజిన్లు అమ్మేవారి కష్టాల గురించి రాసేవారే లేరు. కొన్నవాడు మోసపోతే పదిమందికీ చెప్పుకుంటాడు. అమ్మినవాడు ఏం చెప్పుకుంటాడు? పాపం, ఆయన సజ్జనుడు. నాలుగు ఫొటోలు, మూడు వాక్యాలు పెట్టి లోకాన్ని నమ్మి కూర్చుంటాడు. అంతలోనే అనుమానపు బేరగాడు ఒకడు దిగుతాడు.

ఆ మూడు వాక్యాలూ మనకు కంఠస్థమే. 'నడుస్తున్న బండిలోంచి తీసినది.' 'తక్కువ కిలోమీటర్లు తిరిగినది.' 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును.' మొదటి రెండూ ఇచ్చిన హామీని మూడోది మర్యాదగా వెనక్కు తీసుకుంటుంది. ఇంత పొదుపైన వచనం చదివి పరవశించాల్సింది పోయి, అనుమానపు మనిషి ప్రశ్నలు మొదలుపెడతాడు. కిలోమీటర్ల మీటరు ఉండేది డాష్‌బోర్డులో కదా, ఇంజిన్‌తో పాటు రాదు కదా, మరి ఈ లెక్క ఎక్కడిదంటాడు. ఏ బండిలోంచి తీశారో దాని ఛాసిస్ నంబరు కావాలంటాడు. ఆ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయనీ, ఒకటితోనూ సున్నాతోనూ పొరబడకుండా ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అందులో వాడరనీ ఇతగాడికి తెలుసు. హడావిడిలో అమ్మకందారు ఒక 'ఓ' కలిపి పంపాడే అనుకోండి, అక్కడితో బేరం చెడిపోతుంది. ఒక్క అక్షరం కోసం ఇంత పట్టుదలా!

ఫొటోల విషయంలో ఇతని ప్రవర్తన మరీ దారుణం. ప్రకటనలో తళతళలాడే ఇంజిన్ బొమ్మ ఉంటుంది. అది కంపెనీ క్యాటలాగులోది అయితే మాత్రం ఏమిటి? అందం అందమే. ఇతనికి మాత్రం ఇంజిన్ దిమ్మ (బ్లాకు) మీద చెక్కిన ఇంజిన్ నంబరు కనిపించాలట. ఆయిల్ మూత తీసి లోపలివైపు చూపించాలట. అక్కడ తెల్లటి చిక్కటి పదార్థం కనిపిస్తే నూనెలో నీరు కలిసిందనీ, నీరూ నూనే కలవకుండా ఇంజిన్ పై భాగానికీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చనీ తీర్పు చెబుతాడు. చల్లటి రోజుల్లో తక్కువ దూరాలు తిరిగే బండికీ మూత కింద కాస్త తెల్లదనం చేరుతుంది కదా అంటే, "అయితే నూనె మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ కూడా తీసి చూపించండి" అంటాడు. సందుల్లో ఎండిన బురద, అల్యూమినియం భాగాల మీద తెల్లని పొడి కనిపిస్తే వరదలో మునిగిన బండి అంటాడు. నీళ్లలో గేదెను బేరమాడిన జాతి మనది. గేదె పైకి వచ్చాక కూడా బేరమాడనంటే ఎలా?

అసలు రచ్చ కంప్రెషన్ దగ్గర మొదలవుతుంది. ప్రతి సిలిండర్‌లోనూ పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలిచి అంకెలు పంపాలట. మామూలు పెట్రోలు ఇంజిన్లలో చాలావాటికి అది 10 నుంచి 14 బార్ల (బార్ అంటే పీడనానికి కొలత) మధ్య ఉంటుంది. అంతతో ఊరుకోడు. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటకూడదట. నాలుగు సిలిండర్లలో మూడు బాగుంటే ముప్పాతిక వంతు ఇంజిన్ బాగున్నట్టేనన్న సానుకూల దృక్పథం ఇతనికి బొత్తిగా లేదు. "ఇంజిన్ బయటకు తీసేశాం, ఇప్పుడు తిప్పి కొలవలేం" అని అమ్మకందారు సహేతుకంగా తప్పుకోబోతే, అక్కడా దారికి అడ్డం పడతాడు. స్టార్టరుతో తిప్పనక్కర్లేదు, చేత్తో తిప్పి ఆ సిలిండర్ వాల్వులు రెండూ మూసుకున్న చోట ఆపి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి ఎటు పోతోందో వినమంటాడు. సైలెన్సర్ వైపు బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లోపలికి పీల్చే వైపైతే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూతలోంచి వస్తే పిస్టన్ రింగులు. ఇంజిన్ కొనడానికి వచ్చాడా, స్టెతస్కోపు పట్టుకుని వచ్చాడా?

ఇలాంటివారికి చదువుకున్నవాళ్లు కూడా వత్తాసు పలికారు. పాత కార్ల సంతలో సరుకు సంగతి అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియకపోతే, మంచి సరుకు ఉన్నవాళ్లు తప్పుకుని చెడ్డదే మిగులుతుందని జార్జ్ ఏకర్‌లాఫ్ 1970లో రాశాడు. దండించకపోగా 2001లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం ఇచ్చారు. 1971లో ముగ్గురు చమురు ఇంజనీర్లు ఇంకా నిరుత్సాహకరమైన మాట చెప్పారు. సరుకు విలువ ఎవరికీ సరిగ్గా తెలియని వేలంలో, అందరికంటే ఎక్కువ విలువ ఊహించి పొరబడినవాడే గెలుస్తాడట. చివరి నిమిషంలో గడియారం తరుముతుండగా, పోటీదారుడి మీద పంతంతో పాట పెంచి 'మీరు గెలిచారు' అన్న సందేశం చూసి పొంగిపోయేవారి మనసు ఎంత నొచ్చుకుని ఉంటుంది! అనుమానపు మనిషికి ఆ ఆనందమూ లేదు. రవాణా, గ్యాస్కెట్లు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, మెకానిక్ కూలి అన్నీ కలిపి ముందే ఒక అంకె రాసుకుంటాడు. పాట అది దాటగానే కంప్యూటర్ కట్టేసి నిద్రపోతాడు.

స్నేహం విలువ కూడా తెలియదు. "వేలం సైటుకు కమీషన్ ఎందుకు, డబ్బు నేరుగా నా ఖాతాకు పంపండి, తగ్గించి ఇస్తాను" అని అమ్మకందారు ఆత్మీయంగా చెయ్యి చాస్తే, సైటు బయట చెల్లిస్తే కొనుగోలుదారు రక్షణ పోతుందని ఆ చెయ్యి విదిలిస్తాడు. ఒకే పేరు, ఒకే సైజు ఉన్న ఇంజిన్లలోనూ సెన్సర్లు, వైరింగ్, ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటరు (ఈసీయూ) వేరుగా ఉండవచ్చని భాగం నంబర్లు సరిచూస్తాడు. తీరా సరుకు వచ్చాక, లారీ డ్రైవరు తొందరపడుతున్నా, చెక్కపెట్టె విప్పి ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఆయిల్ సంపు పగిలిందేమో చూసి, ఫొటో తీసి గానీ సంతకం పెట్టడు.

వారంటీ పత్రాన్ని మాత్రం ఇతను ఆక్షేపించకుండా మనం అడ్డుకోవాలి. ఇంజిన్ చెడితే ఇంజిన్‌కు బదులు ఇంజిన్ ఇస్తామని చాలామంది అమ్మకందారులు హామీ ఇస్తారు. బిగించిన కూలి, విప్పిన కూలి, మళ్లీ బిగించే కూలి మాత్రం కొన్నవాడి భాగ్యం. కొందరు బ్లాకు మీద చిన్న బిళ్ల కూడా అతికిస్తారు. ఇంజిన్ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే దాని నడిమి భాగం కరిగిపోతుంది, దాంతో పాటే వారంటీ కూడా. కంప్రెషన్ కొలవడానికి పావుగంట తీరిక దొరకని పెద్దమనిషే, కొన్నవాడు రేడియేటర్‌లో నీళ్లు పోశాడో లేదో కనిపెట్టడానికి ఆ బిళ్లను స్వయంగా జిగురు రాసి అతికిస్తాడు. దాన్ని అనుమానం అనకూడదు. ముందుచూపు అనాలి.