గోడ మీది పెద్దన్న 9001 గారికి

మహారాజశ్రీ ఐఎస్ఓ 9001:2015 గారికి, వారి తమ్ముళ్ళు 14001, 45001 గార్లకు,

హనుమకొండలో ఒక టెలికాం పనుల కంపెనీ ఆఫీసులో, నాణ్యతకు మీరు, పర్యావరణానికి 14001 గారు, పనివాళ్ళ భద్రతకు 45001 గారు అని గోడకు తగిలించిన మీ మూడు సర్టిఫికెట్ ఫ్రేముల కింద కూర్చొని ఫైళ్ళు చూసుకునేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమమే అనుకుంటాను. మిమ్మల్ని ఎవరూ ముట్టుకోరు కదా.

మీ మీద "ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేయుట, టెలికాం టవర్ల నిర్మాణము మరియు నిర్వహణ" అని అచ్చేసి ఉంది. అదెట్లా ఉంటుందో మీరు చూడలేదు కాబట్టి చెప్తున్నాను. రోడ్డు పక్కన మీటరు అరవై ఐదు సెంటీమీటర్ల లోతున కాలువ తవ్వాలి. డక్టు, అంటే కేబుల్ పోయే గొట్టం, పరవాలి, పూడ్చాలి, దిమ్మిస కొట్టాలి, ఆ గొట్టంలోకి గాలితో కేబుల్ ఊదాలి, జాయింట్లు వేయాలి, కొలవాలి. టవరైతే పునాది, ఇనుము, ఎర్తింగు, ఆ పైన యాంటెన్నాలు. పరకాల వైపు నల్లరేగడి, హనుమకొండ చుట్టూ బండరాయి, ములుగు దాటితే అడవి. ఒక్కో నేలకు ఒక్కో తిప్పలు. మీకు మాత్రం అన్ని నేలలూ ఒకటే, ఏ4 సైజు.

మీ వంశం గురించి కొంత చదివాను. 1987లో మీరు పుట్టారు, 1996లో 14001 గారు. 45001 గారు మరీ చిన్నవారు, 2018లో ఓహెచ్ఎస్ఏఎస్ 18001 అనే పాత భద్రతా ప్రమాణం పెద్దాయన కుర్చీలోకి వచ్చారు. పుట్టిల్లు జెనీవాలోని ఐఎస్ఓ, అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ. ఆ ఇంటివాళ్ళు ప్రమాణం రాసి ఊరుకుంటారే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వరు, తమ గుర్తును ఎవరూ వాడుకోవద్దని కూడా చెప్తారు. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి మా కంపెనీ బొలెరో డోరు వైపు చూడటం మానేశాను. దాని మీద ఆ గుర్తు హెడ్‌లైటంత ఉంది.

సర్టిఫికెట్ ఇచ్చేది వేరే సంస్థ, దానికి అర్హత ఉందని చెప్పేది ఇంకో సంస్థ. మన దేశంలో ఆ పెద్దరికం క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్‌ఏబీసీబీది. ఏ పెద్దరికమూ లేని మీ సవతి తమ్ముళ్ళు కూడా బజార్లో తిరుగుతున్నారు. జీఎస్టీ కాగితం వాట్సాప్‌లో పెడితే ఎల్లుండికల్లా మూడూ పీడీఎఫ్‌లో దిగుతాయి. అక్కడ ఆడిటే లేదు, ఇక తప్పు దొరికేదెక్కడ? మీరట్లాంటివారు కాదు. ఎన్‌ఏబీసీబీ ముద్రతో దర్జాగా వచ్చారు. మీకు రాయడం అందుకే. వాళ్ళకు రాసి లాభమేముంది?

మీరు మా ఇంటికి ఎందుకు వచ్చారో మీకెవరైనా చెప్పారా? టెండర్ కోసం. అర్హతల పట్టికలో మీ ముగ్గురి పేర్లుంటాయి, పక్కన "ఉంది, లేదు" అని రెండు గడులు. ఉంది అని టిక్కు పెడితే లోపలికి రానిస్తారు. లోపలికి పోయి చూస్తే వచ్చినవాళ్ళందరి చంకలోనూ మీరే. అందరి దగ్గరా ఉన్నాక మీవల్ల ఎవరికీ ఎక్కువ మార్కులు రావు. ఇక మిగిలేది రేటు. ఎవరు తక్కువ రాస్తే వాళ్ళు ఎల్‌వన్. తక్కువ ఎట్లా రాస్తారు? మీరు చెయ్యమన్నవి ఒక్కొక్కటి తీసేసి. వాకిట్లో మీకు దండ వేసేదీ, పెరటి తలుపు నుంచి మిమ్మల్ని తోసేసేదీ ఒక్క టెండరే. రెండు పనులూ ఒకే రోజు అయిపోతాయి, మధ్యలో టీ కూడా ఇస్తారు.

(ఓరుగల్లు మనిషి నాణ్యత గురించి రాస్తే రామప్ప గుడి ఇసుక పునాదుల దగ్గరికి పోవడం రివాజు. నేను పోవట్లేదు. కాకతీయులు ఎల్‌వన్ టెండర్ పిలవలేదు.)

ఎల్‌వన్ అయ్యాక పని కిందికి దిగుతుంది. ఫోను, నెట్టు నడిపే ఆపరేటర్ నుంచి, పని మొత్తం ఒప్పుకున్న టర్న్‌కీ కంపెనీకి, అక్కడి నుంచి మాకు, మా నుంచి పెట్టీ కాంట్రాక్టర్‌కు, ఆయన నుంచి గ్యాంగుకు. ఒక్కో మెట్టు దగ్గర ఒకరు తమ వాటా తీసుకొని మిగిలింది కిందికి జారుస్తారు. మీరు మా మెట్టు దగ్గరే ఆగిపోతారు. గడ్డపార పట్టినవాళ్ళలో ఎవరికీ మీ పేరు తెలియదు. ఇదేం కొత్త కిటుకు కాదు, మీకు ముందే తెలుసు. బయటివాళ్ళతో చేయించుకున్నా బాధ్యత మాత్రం కంపెనీదేనని మీ పుస్తకం 8.4 నిబంధనలో ఉంది. కాంట్రాక్టర్ల కూలీల భద్రత కూడా కంపెనీయే చూడాలని తమ్ముడుగారి 8.1.4లో ఉంది. ఆ రెండు పేజీలు నేను అచ్చుతీసి మా ఎండీ గారి బల్ల మీద పెట్టాను. సార్ చూసి, "మంచిగుందయా, ఫైల్ల పెట్టు" అన్నారు. పెట్టాను.

మా ఫైళ్ళ గురించి చెప్పాలంటే పొద్దు చాలదు. 2015లో మీరు కొత్త అవతారం ఎత్తినప్పుడు క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరి కాదన్నారు. మా మాన్యువల్‌కు ఆ కబురు అందలేదు, ఏటా లావెక్కుతూనే ఉంది. దాన్ని రాసిన కన్సల్టెంట్ అంతకుముందు ఒక రైస్‌మిల్లుకు పని చేశారు. మిల్లు పేరు తీసి మా పేరు పెట్టారు కానీ రిస్కు రిజిస్టర్ జోలికి పోలేదు. ఫైబర్ వేసే మాకు అందులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం "ఊక నిల్వలో మంటలు లేచుట". ఫైర్ బకెట్లు కూడా కొన్నాం. 14001 గారి రిజిస్టర్‌లో అన్నిటికన్నా పెద్ద పర్యావరణ సమస్య కాగితాల వాడకం. రెండు వైపులా ప్రింటు తీయాలని తీర్మానం. రోడ్డు కింద డ్రిల్లింగ్ చేసినప్పుడు అందులో వాడే బెంటొనైట్ మట్టి బురద ఏ మోరీలోకి పోతుందో ఎవరూ రాయలేదు. ఆ మోరీకి రెండో వైపు లేదు, అందుకని కాబోలు.

2024 ఫిబ్రవరిలో మీకొక సవరణ వచ్చింది. వాతావరణ మార్పు తమకు సంబంధించిన సంగతేనా అని ప్రతి సంస్థా తేల్చుకోవాలట. మేం వెంటనే తేల్చుకున్నాం. "సంబంధం లేదు." ఏసీ గదిలో కూర్చొని ఒక్క లైనులో. మే నెలలో పదకొండు దాటితే గడ్డపార పిడి చేతిని కాలుస్తుంది. గ్యాంగు తెల్లారకముందే పని మొదలుపెట్టి ఎండ ఎక్కేసరికి చెట్టు కిందికి పోతారు. ఆ పని వేళలు ఏ ప్రొసీజర్‌లోనూ లేవు, వాళ్ళకు వాళ్ళే పెట్టుకున్నారు. ఇక వానంటారా, 2023 జూలై ఆఖరున మా పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ వానలకే మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. రోడ్లూ కల్వర్టులూ కొట్టుకుపోయిన చోట ఆ అంచునే పరిచిన కేబుల్ నిలుస్తుందా? అంత వానెందుకు, నల్లరేగడిలో దిమ్మిస సరిగ్గా పడకపోతే తొలకరికే కాలువ కుంగి, బండి మీద పోయేవాళ్ళు అందులో పడతారు. సంబంధం లేదు.

ఆడిట్ రోజు సంగతి. సైట్ల లిస్టు ఇవ్వమని ఆడిటర్ అడుగుతారు, ఇస్తాం. అందులో ఉండేవన్నీ తారు రోడ్డు మీదవే. ఆ వారం హెల్మెట్లు కవర్లు విప్పుకుంటాయి. కాలువ లోతు చూపడానికి ఒక గుంత ఉంటుంది. సరిగ్గా మీటరు అరవై ఐదు, గోడలు నున్నగా. దాన్ని నాలుగు వైపుల నుంచి ఫోటో తీస్తే నాలుగు గుంతలవుతాయి.

కిందటేడు 45001 గారి తరఫున వచ్చిన ఆడిటర్ గ్యాంగులో ఒకాయన్ని పిలిచి మర్యాదగానే అడిగారు. "పనిలో ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆపేసి పక్కకు పోవచ్చు, ఆ హక్కు మీకుంది. తెలుసా?"

ఆయన తలగుడ్డ విప్పి మొఖం తుడుచుకున్నాడు. "ఆపుతం సార్. ఆపితె ఆ దినం కూలి ఎవలిస్తరు?"

మేస్త్రీ ఆయన వైపు గుర్రుగా చూశాడు. ఆడిటర్ గారు కాసేపు పెన్ను పట్టుకొని, చెక్‌లిస్టులో "అవగాహన ఉంది" అని రాశారు. అబద్ధమేమీ కాదు. ఆ సైట్లో అందరికన్నా అవగాహన ఉన్నది ఆయనకే. మీ తమ్ముడుగారి పుస్తకంలో ఆ హక్కు ఉంది, వాడుకున్నవాళ్ళ మీద పగ తీర్చుకోకూడదనీ ఉంది. మా రేటు పట్టీలో ఆ వరస లేదు. టవర్ ఎక్కే రిగ్గర్లదీ ఇదే కథ. ఎత్తులో పనికి మా ప్రొసీజర్ బ్రహ్మాండంగా ఉంటుంది, చదివితే కళ్ళు చెమర్చుతాయి. డబ్బులు మాత్రం యాంటెన్నాకు ఇంతని. ఒక కొక్కెం తగిలించి, రెండోది విప్పి, మళ్ళీ తగిలించి ఎక్కేవాడికి రోజుకు తక్కువ యాంటెన్నాలు పడతాయి. ప్రమాదాల రిజిస్టర్ తెరిస్తే ఒక్క మరకా లేదు, బడి తెరిచిన రోజు పిల్లాడి నోటుబుక్కులాగా ఉంటుంది.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. ఒకసారి మీరు నిజంగా గోడ దిగారు.

ఆ ఏడు వచ్చిన ఆడిటర్ ఒక పెద్దావిడ. బిస్కెట్లు ముట్టుకోలేదు. క్వాలిటీ పాలసీ అడగలేదు. ఒక లింకు పేరు చెప్పి దాని ఓటీడీఆర్ కాగితాలు తెమ్మన్నారు. ఇరవై నాలుగు కోర్ల, అంటే ఇరవై నాలుగు ఫైబర్ పోగుల కేబుల్, ఇరవై నాలుగు గ్రాఫులు. ఓటీడీఆర్ అంటే ఫైబర్‌లోకి వెలుగు పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి ఎక్కడ ఎంత నష్టమో గీసి చూపే మిషన్. గీత చివర సన్నని వణుకుంటుంది, మిషన్ తనంతట తాను చేసే రొద అది. ఒకే ఫైబర్‌ను వెంటవెంటనే రెండుసార్లు కొలిచినా ఆ వణుకు ఒక్కలా రాదు. ఆవిడ మూడో కోరు కాగితం మీద పదిహేడో కోరు కాగితం పెట్టి, రెండూ కలిపి కిటికీ వెలుతురుకు ఎత్తారు. వణుక్కు వణుకు అతికినట్టు సరిపోయింది. ఇంకో రెండు తీశారు. అవీ అంతే. పెట్టీ కాంట్రాక్టర్ దగ్గరి కుర్రాడు ఒక్క కోరు కొలిచి, ఫైలు పేరు మార్చి మార్చి ఇరవై నాలుగు చేశాడన్నమాట. దాని మీద మా సంతకం, మా మీద టర్న్‌కీ కంపెనీ సంతకం, పైన ఆపరేటర్ సంతకం. ఇన్ని కళ్ళ ముందు నుంచి పోయిన కాగితం ఒక్క కిటికీ దగ్గర ఆగింది.

మేజర్ నాన్‌కన్ఫర్మిటీ, అంటే ప్రమాణం తప్పిన పెద్ద లోపం అని రాశారు. అప్పుడు మీరెంత పనికొస్తారో చూశాను. అట్లా ఒక్కొక్క లింకూ అడిగితే, బిల్లు కావాలంటే నిజంగా కొలవక తప్పదు. నిజంగా కొలిస్తే చెడ్డ జాయింట్ బయటపడుతుంది, మళ్ళీ వేయాల్సి వస్తుంది, ఏదో ఊళ్ళో నెట్టు ఆగకుండా వస్తుంది. మీ పుస్తకాల్లో మంత్రాలేమీ లేవు. చెప్పింది చేశావా, చేసింది చూపించు, తప్పితే ఎందుకు తప్పిందో చెప్పు. మా తాత పాలోళ్ళ లెక్కలు ఇట్లాగే తేల్చేవాడు.

మరి మేమేం చేశాం? మూల కారణం: "మానవ తప్పిదం." దిద్దుబాటు చర్య: "శిక్షణ." హాజరు పట్టీలో ముప్పై సంతకాలు, ఒకే పెన్ను. కుర్రాడికి రోజుకు ఎన్ని కోర్లు కొలిస్తే గిట్టుతుందో ఎవరూ అడగలేదు. ఫైలు మూసేశారు. తర్వాతి ఏడాది మా కంపెనీ సర్టిఫికేషన్ సంస్థనే మార్చింది. కొత్తవాళ్ళు స్నేహంగా ఉంటారు, బిస్కెట్లు తింటారు. ఆడిట్ ఫీజు కట్టేది ఆడిట్‌కు కూర్చునేవాడే అయినప్పుడు ఆ పెద్దావిడ లాంటివాళ్ళ డైరీ ఎంత నిండుతుందో మీరే చెప్పాలి.

టెలికాం వాళ్ళ కోసం టీఎల్ 9000 అని మీ దాయాది ఒకరున్నారు. ఎన్నిసార్లు చెడింది, ఎంతసేపు ఆగింది లాంటి కొలతలు అక్కడ వరసగా పంపుతూ ఉండాలట. మా టెండర్లలో ఆయన పేరు నేనెప్పుడూ చూడలేదు. పిలవరనుకుంటా. అంకెలు అడిగే చుట్టాన్ని ఎవరు పిలుస్తారు?

కనుక నా మనవి ఒక్కటే. మీకు మూడేళ్ళ ఆయుష్షు, ఏటా ఒక సర్వేలెన్స్, అంటే మధ్యమధ్య తనిఖీ ఆడిట్. వచ్చే సర్వేలెన్స్‌కు మా లిస్టు తీసుకొని పక్కన పెట్టండి. అందులో లేని సైటు అడగండి. ఏటూరునాగారం వైపు ఒకటి నడుస్తోంది. రోడ్డు బాగాలేదంటాం, వాన పడేటట్టుందంటాం, సిగ్నల్ ఉండదంటాం. సిగ్నల్ లేని చోటనే కదా మా పని. కారు పెడతామంటాం, ఎక్కకండి. దారిలో మంచి హోటళ్ళు చాలా ఉన్నాయి, సైటుకు చేరేసరికి పొద్దు గూకుతుంది. హనుమకొండ బస్టాండులో పొద్దుటి బస్సు ఎక్కండి. దిగాక మేస్త్రీతో మాట్లాడొద్దు, రేటు పట్టీ అడగండి. టేపు మీదే తెచ్చుకోండి, మా టేపు మీటరు అరవై ఐదు దగ్గరే మొదలవుతుంది.

ఇట్లు,
మీ సాక్ష్యాలు తయారుచేసే
డాక్యుమెంట్ కంట్రోలర్,
హనుమకొండ