తెలీక కాదు, చదివే చేశారు

2018లో అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని, మా బాధ్యత ఎంతుందో సరిగ్గా చూసుకోలేకపోయాం అన్నాడు ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్. అప్పటికే 8.7 కోట్ల మంది డేటా ఎన్నికల ప్రచారాలకి పనిచేసే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ చేతుల్లోకి వెళ్లుండొచ్చని వాళ్ల కంపెనీయే ఒప్పుకుంది. చూసుకోలేదంటే ఎలా నమ్మాలి? టెక్నాలజీ ఎటు పోతుందో రచయితలు ఎప్పుడో హెచ్చరించారు. 1909లోనే ఇ.ఎం.ఫార్‌స్టర్ 'ది మెషీన్ స్టాప్స్' అని కథ రాశాడు, అందులో ఒక తల్లి భూమి కింద గదిలో ఒంటరిగా కూర్చుని మెషీన్ ద్వారానే వేలమందితో పరిచయాలు నడుపుతుంది, భూమికి అవతలివైపున్న కొడుకేమో ఈ మెషీన్‌లో కాదమ్మా, ఎదురుగా చూడాలనుంది ఒక్కసారి రా అని బతిమాలితే ఆవిడకి చిరాకు. ఇళ్లలోకి రేడియో కూడా రాని రోజులవి! 1949లో ఆర్వెల్ '1984' నవల్లో పెట్టిన టెలీస్క్రీన్, అదే ఇళ్లలో జనాన్ని ప్రభుత్వం కనిపెట్టుకుని ఉండే తెర, దాని సంగతి అందరికీ తెలిసిందే.

ఈ టెక్ కంపెనీలవాళ్లకి తెలీకపోవడం కాదు, చదివారు, చదివే చేశారు. 1992 నాటి 'స్నో క్రాష్' నవల్లో ప్రభుత్వాలు చితికిపోయి కంపెనీలే రాజ్యమేలుతుంటాయి, హీరో గోడౌన్‌లో బతుకుతూ కళ్లజోడు పెట్టుకుని మెటావర్స్ అనే కంప్యూటర్ మాయాలోకంలోకి వెళ్లిపోతుంటాడు. అలాంటి లోకం వద్దనిపించాలి కదా, ఫేస్‌బుక్ మాత్రం ఆ మెటావర్సే మా భవిష్యత్తని 2021లో కంపెనీ పేరే మెటా అని మార్చేసుకుంది. 2009లో అమెజాన్ అయితే కాపీరైట్ గొడవ వచ్చిందని జనం కొనుక్కున్న '1984'నే వాళ్ల కిండిల్ ఈ-బుక్ రీడర్లలోంచి చెప్పాపెట్టకుండా చెరిపేసింది, క్లాసు కోసం ఒక కుర్రాడు రాసుకున్న నోట్సు కూడా దాంతోపాటే పనికిరాకుండా పోయింది. తర్వాత సారీ చెప్పారు. ఆ పుస్తకం అమ్మినవాళ్లకి అందులో ఏముందో తెలీదా?

ఫేస్‌బుక్ లాంటివి ఫ్రీగా వస్తున్నాయి, జనం ఇష్టపడే వాడుతున్నారు అనే వాదన ఉంది. ఇష్టమా? కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో ఆ డేటా లాగిన క్విజ్ యాప్ పెట్టుకున్నది సుమారు 3 లక్షల మంది, మిగతా కోట్లమంది చేసిన తప్పల్లా ఫేస్‌బుక్‌లో వాళ్లకి ఫ్రెండ్స్ అవ్వడమే. వాళ్లని ఎవరు అడిగారు?

మన దగ్గరా ఇదే తంతు. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు 9 మంది జడ్జిల బెంచ్ ఒక్కమాటగా చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం తెచ్చిన కేంద్రం, తనకి కావాల్సిన ప్రభుత్వ సంస్థల్ని దాన్నుంచి మినహాయించే అధికారం తన దగ్గరే పెట్టుకుంది. కంపెనీల్ని కట్టడి చేస్తామని చెప్పి, ఆర్వెల్ ఎవర్ని చూసి భయపడ్డాడో వాళ్లకే తలుపు తీసిపెట్టారు. హక్కు గురించి ఉపన్యాసాలు ఆపి ముందు ఆ మినహాయింపు తీసెయ్యండి.