డ్రమ్మర్‌ని స్పీడుతో కొలిచేవాళ్లకి

నిన్న ఒక ఫ్రెండ్ డ్రమ్ సోలో వీడియో పంపాడు. చేతులు కనిపించనంత స్పీడు. కింద "ఇంతకు మించిన డ్రమ్మర్ పుట్టలేదు" అని రాశాడు. ఆ సాధన వెనక ఎంత కష్టం ఉంటుందో తెలుసు, తక్కువ చెయ్యను. కానీ పాటని మోయడం వేరే విద్య. దాని గురించి ఎవరూ మాట్లాడరే అని నా బాధ.

రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్‌నే చూడండి. 1963 నుంచి 2021లో చనిపోయేదాకా అదే బ్యాండ్. మిగతావాళ్లు చుట్టూ కోటలా డ్రమ్స్ పేర్చుకున్న రోజుల్లో కూడా ఆయన ముందున్నది చిన్న సెట్టే. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడితే రెండుకీ నాలుగుకీ స్నేర్ మీద, అంటే ఠప్పున మోగే చిన్న డ్రమ్ మీద, దెబ్బ పడాలి. మామూలుగా అప్పుడు కూడా కుడిచెయ్యి హై-హ్యాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే లోహపు పళ్లేల జత) మీద ఆడుతూనే ఉంటుంది. చార్లీ చెయ్యి మాత్రం సరిగ్గా ఆ క్షణంలో పైకి లేచి ఆగుతుంది. స్నేర్ ఒక్కటే మోగుతుంది. రెప్పపాటు ఖాళీ, అంతే. పాట ఊగేది ఆ ఖాళీలోనే. ఈ సంగతి తెలియకుండా ఏళ్ల తరబడి ఆ పాటలు విన్నాను. ఇప్పుడు చెవి ముందు అక్కడికే పోతుంది.

లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోనమ్ అనగానే అందరూ బాదుడు గురించే చెబుతారు. నాకు గుర్తొచ్చేది నెమ్మదిగా నడిచే 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాట, 1971 నాటిది. ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల కింద హాల్లో డ్రమ్స్ పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి రికార్డ్ చేశారు. ఆ ఇంటి గోడలు కూడా వాయిస్తున్నట్టు ఉంటుంది. తొందర ఎక్కడా లేదు. 1980లో, 32 ఏళ్లకే పోయాడు. ఆయన లేకుండా వద్దని మిగతా ముగ్గురూ బ్యాండే ఆపేశారు.

జాజ్‌లో కెన్నీ క్లార్క్ అనే డ్రమ్మర్ తాళం నడకని కాలితో కొట్టే బాస్ డ్రమ్ నుంచి, చేతితో వాయించే పెద్ద లోహపు పళ్లెం లాంటి రైడ్ సింబల్ మీదకి తెచ్చాడు. దాంతో కాలికి తీరిక దొరికింది, కావాల్సిన చోట ఒక్క దెబ్బ వేసే స్వేచ్ఛ వచ్చింది. జాజ్ శాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ వెనక డ్రమ్స్ వాయించిన ఎల్విన్ జోన్స్ గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి.

ఫోక్ వైపు, ఇంగ్లండ్ ఫోక్-రాక్ బ్యాండ్ ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ డ్రమ్మర్ డేవ్ మాటక్స్ పేరు మన దగ్గర ఎక్కడా వినపడదు. 1969లో వ్యాన్ ప్రమాదంలో వాళ్ల డ్రమ్మర్, 19 ఏళ్ల మార్టిన్ లాంబుల్ చనిపోయాక, ఆ సీట్లో కూర్చున్నది ఈయనే. పాతకాలపు జానపద కథాగేయాలకి డ్రమ్స్ కట్టడమంటే మాటలా? కొంచెం గట్టిగా కొడితే గాయని శాండీ డెన్నీ చెప్పే కథ వినపడదు. మరీ మెత్తగా కొడితే ఊపు పోతుంది. ఆ ఏడాది చివర్లో వచ్చిన 'లీజ్ అండ్ లీఫ్' ఆల్బమ్ వినండి, ఒక్క మాటకి కూడా ఆయన అడ్డం రాడు. నా ఫ్రెండ్‌కి ఈ రాత్రి అదే పంపిస్తున్నాను.